మంచు మీద వరినాట్లు

హిమసీమ చరిత్ర – 6వ భాగం

జపాన్‌లో అకితా ప్రిఫెక్చర్‌లోని కితా అకితా ప్రాంతంలో ఏటా ఫిబ్రవరి నడుమ వరినాట్లు వేస్తారు. అప్పటికి పొలాల మీద మంచు నడుం లోతున పేరుకుని ఉంటుంది. గట్లు కనపడవు, కాలువలు కనపడవు. వరిగడ్డితో అల్లిన అంగీలు తొడుక్కుని, తలకు వెడల్పాటి టోపీలు పెట్టుకుని రైతులు వరసగా దిగుతారు. వాళ్ల చేతుల్లో నారు ఉండదు. వరిగడ్డి, సోయా కాడలు కలిపి కట్టిన చిన్న చిన్న కట్టలుంటాయి. వాటినే సాలు తప్పకుండా మంచులో గుచ్చుకుంటూ పోతారు. ఆఖరున చేతులు జోడించి మొక్కుకుని ఇంటిదారి పడతారు.

కొద్ది రోజులు పోయాక ‘కోత’. అనుభవమున్న పెద్దలు వచ్చి ఒక్కొక్క కట్ట ఎంత వంగిందో చూస్తారు. గుచ్చింది గుచ్చినట్టే నిటారుగా నిలబడితే ఆ ఏడు కంకిలో గింజ లేదన్నమాట, తాలే. మొత్తానికి పక్కకు ఒరిగి పడిపోతే గాలివానకు పైరు పడిపోతుందని అర్థం. బరువైన కంకిలా ఒద్దికగా తల వంచితేనే పంట బాగున్నట్టు. అప్పుడు అందరి ముఖాలూ విప్పారతాయి.

పైనుంచి వచ్చి చూసేవాళ్లకు ఇది చలికాలపు కాలక్షేపం. పల్లెవాళ్ల లెక్కలో ఏడాది సేద్యం ఇక్కడే మొదలవుతుంది.

సైబీరియా నుంచి వీచే పొడి చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ పీల్చుకుని, దేశం నడుమనున్న కొండలకు కొట్టుకుని, పడమటి వైపంతా మంచు కుమ్మరించే తీరు గత భాగంలో చూశాం. 1945 ఫిబ్రవరిలో నగానో ప్రిఫెక్చర్ కొసన ఉన్న మొరిమియానొహరా రైలు స్టేషన్లో 7.85 మీటర్ల మంచు కొలిచారు. అలాంటి నేలలో నెలల తరబడి నాగలి కదలదు. ఆ నెలల్లో ఆడవాళ్లు నేత నేసేవారు. మగవాళ్లు గడ్డితో చెప్పులు, బూట్లు, తాళ్లు అల్లేవారు. ఊరంతా కలిసి చేసేది మాత్రం పండుగ. ఈ పండుగలన్నీ దాదాపు ఒకే తిథి చుట్టూ తిరుగుతాయి. కథ అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

తొలి పున్నమి

పాత జపాన్ పంచాంగం మన తెలుగు పంచాంగానికి దగ్గరి చుట్టం. అమావాస్యతో నెల మారుతుంది, 15వ రోజుకు పున్నమి వస్తుంది, రెండు మూడేళ్లకోసారి అధికమాసం కలుస్తుంది. సంవత్సరాది జనవరి చివరికో ఫిబ్రవరి నడిమికో పడేది. మొదటి నెల మొదటి రోజున జరిపేది పెద్ద సంవత్సరాది. కొలువులో ఉన్నవాళ్లు, వ్యాపారులు, పట్టణాలవాళ్లు దానికి ప్రాధాన్యమిచ్చేవారు. 15వ రోజు పున్నమికి వచ్చేది కోషోగత్సు, అంటే చిన్న సంవత్సరాది. పల్లె దాన్ని తనదిగా చేసుకుంది.

ఆ రెండు మూడు రోజుల్లోనే రాబోయే పంటకాలమంతా ముందుగా ఆడి చూసుకునేవారు. చెట్టుకొమ్మలకు చిన్న చిన్న బియ్యపుపిండి ఉండలు గుచ్చి, పట్టుగూళ్లు నిండుగా కాసినట్టు ఇంట్లో నిలబెట్టేవారు. పిల్లలు కర్రలు వాయిస్తూ, పాడుతూ ఊరి చుట్టూ తిరిగి, చేలల్లో గింజ తినే పక్షులను అప్పుడే అదిలించేవారు. గుమ్మాలకు కట్టిన సంవత్సరాది గడ్డితాళ్లన్నీ పోగుచేసి మంటలో వేసేవారు. ముసుగు తొడిగిన దేవుళ్లు ఇల్లిల్లూ తిరిగేవారు. నింగిలో నిండు చంద్రుడు, కింద ఎటు చూసినా తెల్లటి మంచు. దీపం లేకపోయినా దారి కనపడే రాత్రి అది.

ఇద్దరు సాక్షులు

ఈ పండుగలు రెండొందల ఏళ్ల కిందట ఎలా ఉండేవో చెప్పగలుగుతున్నామంటే అది ఇద్దరు మనుషుల చలవ.

ఒకరు సుజుకి బొకుషి. 1770లో ఎచిగొ సీమలో, అంటే ఇప్పటి నీగతా ప్రిఫెక్చర్‌లో, షియొజావ అనే ఊళ్లో పుట్టాడు. బట్టల వ్యాపారం, తాకట్టు దుకాణం ఆయన కులవృత్తి. 19 ఏళ్ల వయసులో సరుకు అమ్ముకోడానికి ఎడో నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకు, వెళ్లాడు. తమ ఊళ్లో ఇల్లు మునిగేలా మంచు పడుతుందని చెబితే అక్కడివాళ్లకు నమ్మశక్యం కాలేదు. మంచంటే వాళ్లకు చూసి మురిసిపోయే సంగతి. ఎచిగొలో మొదటి మంచు రాలిందంటే ఇంటి కప్పు నిలుస్తుందా, కట్టెలు చాలుతాయా అన్న దిగులు. ఆ తేడా రాయాలని బొకుషి పూనుకున్నాడు. ఎడోలోని పేరున్న రచయితల చుట్టూ తిరిగి, ఒకరి తర్వాత ఒకరు చేయివ్వగా, చివరికి సాంతో క్యోజాన్ అనే రచయిత సాయంతో పుస్తకం బయటపడేసరికి నలభై ఏళ్లు గడిచాయి. 1837లో వెలువడిన ఆ ‘హొకుఎత్సు సెప్పు’ ఎడోలో బాగా అమ్ముడుపోయింది. మంచురేకుల బొమ్మలు మొదలు, కప్పుల మీది మంచు తవ్వడం, మంచు మీద బట్ట ఆరబెట్టడం, పండుగలు, మంచుపెళ్లలు విరిగిపడి పోయిన ప్రాణాల దాకా అందులో లేనిది లేదు. పుస్తకం వచ్చాక బొకుషి ఎంతోకాలం లేడు. 1842లో కన్నుమూశాడు.

రెండోవారు సుగయె మసుమి. 1754లో దక్షిణాన మికావ సీమలో పుట్టి, 1783లో ఇల్లు విడిచి ఉత్తరానికి బయల్దేరినవాడు. మళ్లీ స్వస్థలంలో స్థిరపడింది లేదు. 1829లో అకితా సీమలోనే పోయాడు. దారి పొడుగునా చూసింది చూసినట్టు రోజువారీగా రాశాడు, బొమ్మలు గీశాడు. బొకుషి ఊరివాడు గనుక కష్టం తెలిసి రాశాడు. మసుమి బాటసారి గనుక ఊరివాళ్లు వింతగా చూడని వాటిని వింతగా చూశాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే బొమ్మ పూర్తవుతుంది.

కొత్త అల్లుళ్ల పాట్లు

ఎచిగొలో చిన్న సంవత్సరాది వచ్చిందంటే కొత్తగా పెళ్లయిన మగవాళ్లకు గండమే. హొరినోవుచి ఊళ్లో ఉకాచి దేవాలయం వేడుకగా మొదటి నెల 15న జరిగే ‘హనామిజు ఇవాయి’ గురించి బొకుషి వివరంగా రాశాడు. వేషాలు కట్టుకున్న ఊరేగింపు కొత్త పెళ్లికొడుకు ఇంటికి వస్తుంది. గడ్డకట్టే చలిలో ఆయన నెత్తిన దేవుడి పేరు చెప్పి చన్నీళ్లు కుమ్మరిస్తారు. ఆ నీటితో సంతానం కలుగుతుందని నమ్మకం. మెయిజీ చక్రవర్తి కాలంలో ఆగిపోయిన ఈ వేడుకను చాలాకాలం తర్వాత ఊరివాళ్లు మళ్లీ మొదలెట్టారు. ఇప్పుడు ఫిబ్రవరి 11న జరుగుతోంది.

అక్కడికి దగ్గర్లోనే, తోకామాచి నగరంలో కలిసిన మత్సునొయామ అనే కొండపల్లెలో అల్లుణ్ణి ఏకంగా విసిరేస్తారు. జనవరి 15న, కిందటి ఏడు ఊరి పిల్లను చేసుకున్న వరుణ్ణి కుర్రాళ్లంతా భుజాల మీద ఎత్తుకుని యకుషి గుడి దగ్గరికి మోసుకుపోతారు. కాసిని సాకే (బియ్యపు మద్యం) పోసి, గాల్లోకి ఎగరేసి, అయిదు మీటర్ల ఎత్తున్న గట్టు మీంచి కిందికి పారేస్తారు. కింద మెత్తటి మంచు ఉంది గనుక దెబ్బ తగలదు. పొర్లుకుంటూ పోయి మంచులో కూరుకుపోయినవాణ్ణి భార్య వచ్చి లేపి, మంచు దులుపుతుంది. మూడొందల ఏళ్ల ఆచారమని చెప్పుకుంటారు. తమ ఊరి పిల్లను వేరే ఊరివాడు తన్నుకుపోయాడన్న కుర్రకారు కడుపుమంట ఇలా తీరిందని పెద్దల మాట.

ఆ తర్వాత గడ్డి, పాత సంవత్సరాది తాళ్లు కలిపి నిలబెట్టిన పెద్ద కుప్పను తగలేస్తారు. మిగిలిన బూడిదను మంచుతో కలిపి, ఎదురొచ్చినవాడి ముఖానికల్లా పులుముతూ శుభాకాంక్షలు చెబుతారు. వయసు, హోదా, పరిచయం ఏవీ చూడరు. నల్లబడని ముఖం ఉందంటే వాడు ఇంట్లోంచి బయటికి రాలేదన్నమాట.

నీటి దేవుడికి మంచు గుడి

బొకుషి పుస్తకంలో పిల్లల ఆట ఒకటుంది. మంచును గట్టిగా కూరి, లోపల తొలిచి, గుడి లాంటి గది చేసుకుంటారు. అందులో దేవుణ్ణి నిలుపుకుని, అక్కడే వండుకుని, దేవుడికి పెట్టి, తామూ తింటారు. ఎచిగొ నుంచి ఉత్తరానికి పోతే అకితాలోని యొకొతే పట్టణంలో అదే ఆట పెద్ద పండుగై కూచుంది. దాని పేరు కమకురా. నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఆచారమని స్థానికులు చెబుతారు.

ఇందులో మూడు వేర్వేరు ధారలు కలిశాయి. యొకొతేలో సమురాయిల పేటవాళ్లు మొదటి నెల 14 రాత్రి వాకిట్లో మంచుగోడలు కట్టి, వాటి నడుమ సంవత్సరాది తాళ్లు కాల్చేవారు. వ్యాపారుల పేటల్లో మంచినీళ్లకు కటకటగా ఉండేది గనుక వాళ్లు 15 రాత్రి బావి పక్కన నీటి దేవుడికి మొక్కేవారు. ఇక పిల్లలు మంచుదిబ్బలు తొలుచుకుని ఆడుకునేవారు. కాలక్రమంలో ఈ మూడూ కలిసి ఇవాళ మనం చూస్తున్న గుండ్రటి మంచుగది అయింది.

ఎత్తు మూడు మీటర్ల దాకా ఉంటుంది. మంచు పోసి తొక్కి, రోజుల తరబడి గట్టిపడనిచ్చి, అప్పుడు లోపల తవ్వుతారు. గోడ మందం తగ్గిందా కప్పు కూలుతుంది. అందుకే ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు పట్టణంలో ప్రత్యేకంగా ఉన్నారు. లోపల వెనక గోడలో గూడు తొలిచి నీటి దేవుణ్ణి నిలుపుతారు. కింద చాపలు, మధ్యలో బొగ్గుల కుంపటి, దాని మీద కాలుతున్న మోచి అనే బియ్యపు ముద్దలు, పక్కన గిన్నెలో వెచ్చటి అమజకే. పులియబెట్టిన బియ్యంతో చేసే ఈ తియ్యటి పానీయం పిల్లలూ తాగొచ్చు. ఫిబ్రవరి నడుమ రెండు రాత్రుల పాటు పిల్లలు లోపల కూచుని, దారిన పోయేవాళ్లను తమ యాసలో ‘లోపలికి రండి, దండం పెట్టుకోండి’ అని పిలుస్తారు. వచ్చినవాళ్లు దేవుడి ముందు చిల్లర వేసి, అమజకే తాగి, కాసేపు కబుర్లు చెప్పి వెళతారు. ఆ రెండు రాత్రులూ ఇంటి యజమానులు పిల్లలే, పెద్దలు అతిథులు.

1936 ఫిబ్రవరిలో జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ ఇక్కడికి వచ్చాడు. నాజీల పాలనలో దేశం విడిచి జపాన్ చేరిన మనిషి. పేరుమోసిన కట్టడాలెన్నో చూసిన ఆయన, పిల్లలు కూచున్న మంచుగదులను చూసి ముగ్ధుడై రాసిన మాటలు యొకొతే పేరును దేశమంతటికీ తెలిపాయి.

పంటా? ధరా?

యొకొతేకు చేరువలోనే రొకుగొ అనే ఊళ్లో కూడా కమకురా ఉంది. పేరు ఒకటే, తీరు వేరు. ఫిబ్రవరి 15 రాత్రి ఊరు ఉత్తరం, దక్షిణం అని రెండు జట్లవుతుంది. తలకు హెల్మెట్లు పెట్టుకుని, అయిదు మీటర్లకు పైబడిన పచ్చి వెదురు బొంగులు పట్టుకుని ఒకరి మీదికొకరు దూకుతారు. మొత్తం మూడు విడతలు. రెండో విడత అయ్యాక గడ్డితాళ్లకు, రంగు కాగితాల మీద పిల్లలు కోరికలు రాసి వెదుళ్లకు కట్టిన తోరణాలకు నిప్పు పెడతారు. మూడో పోరు ఆ మంటల వెలుగులోనే. వెదుళ్లు విరిగే చప్పుడు ఊరంతా వినపడుతుంది.

ఎవరు గెలిస్తే ఏమిటన్నది ఇంకా ముచ్చట. ఉత్తరం గెలిస్తే వరి బాగా పండుతుంది. దక్షిణం గెలిస్తే బియ్యం ధర పెరుగుతుంది. ఎవరు గెలిచినా రైతుకు ఏదో ఒక మేలే. విరగపండితే ధర పడిపోతుందనీ, ధర ఉన్న ఏడు గింజ ఉండదనీ అనుభవంతో తెలిసిన జనం పెట్టుకున్న పందెం ఇది. 1982లో జాతీయ ప్రభుత్వం దీన్ని ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది.

తలుపు తట్టే దేవుడు

ఇక అకితా తీరంలో సముద్రంలోకి పొడుచుకువచ్చిన ఓగా ద్వీపకల్పం. 1811లో మొదటి నెల 15 రాత్రి సుగయె మసుమి అక్కడి మియజావ అనే పల్లెలో ఉన్నాడు. ఎర్రరంగు పూసిన ముసుగులు, నల్లగా అద్దిన జుట్టు విరబోసుకుని, గడ్డి అంగీలు తొడుక్కున్న ఆకారాలు ఇంట్లోకి చొరబడ్డాయి. చేతిలో కత్తి, వీపున గలగలమనే పెట్టె. పిల్లలు కెవ్వుమని పెద్దల వెనక దాక్కున్నారు. మసుమి బొమ్మ కూడా గీశాడు. ఊరివాళ్లు నమహగే అని పిలిచే ఈ దేవుడి గురించి మనకు దొరికే తొలి లిఖిత సాక్ష్యం అదే.

చలికాలమంతా పని ఎగ్గొట్టి నెగడు దగ్గరే కూచున్నవాడి కాళ్ల మీద వేడికి మచ్చలు పడతాయి. ఆ మచ్చలను చెక్కేసి సోమరితనం వదిలించడానికే కత్తి తెస్తారని ఊరివాళ్లు చెబుతారు. పిల్లలను భయపెట్టే భూతమని బయటివాళ్లు అనుకుంటారు గానీ ఇంటివాళ్లు ఆయన్ను అతిథి దేవుడిగానే చూస్తారు. మర్యాదలు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. ముందు ఒక మనిషి వచ్చి, లోపలికి రావచ్చా అని అడుగుతాడు. ఆ ఏడు చావు గానీ పురుడు గానీ అయిన ఇంటికి పోరు. షిన్‌జాన్ పల్లె పద్ధతిలో నమహగే అడుగుపెట్టగానే నేల మీద ఏడుసార్లు కాలు దబదబా తొక్కుతాడు. ఇల్లంతా గాలించి, విస్తరి ముందు కూచోబోయే ముందు అయిదుసార్లు, వెళ్లబోయే ముందు మూడుసార్లు. యజమాని మంచి బట్టలు కట్టుకుని ఎదురొచ్చి, సాకే పోస్తాడు. అప్పుడు సంవాదం మొదలవుతుంది.

“పిల్లలు చదువుకుంటున్నారా? కోడలు పొద్దున్నే లేస్తోందా?” అని నమహగే గద్దిస్తాడు. చేతిలో ఇంటివాళ్ల తప్పులు రాసుకున్న చిట్టా ఉంటుంది. “మావాళ్లంతా బుద్ధిమంతులే అయ్యా, ఈ ఒక్కసారికి మన్నించండి” అని యజమాని సర్దిచెబుతాడు. భయంతో తండ్రి మెడ పట్టుకున్న పిల్లవాడికి, నాన్న తనను కాపాడాడన్న సంగతి జీవితాంతం గుర్తుంటుంది. ఆఖరున ఇంటికి ఆరోగ్యం, పంట, చేపల రాబడి కలగాలని దీవించి వచ్చే ఏడు మళ్లీ వస్తానని వెళ్లిపోతాడు. అంగీ నుంచి గడ్డి పీకకూడదు. దానంతటది రాలిన పరకను మాత్రం రోగం రాకుండా తలకు చుట్టుకుంటారు.

పున్నమి తప్పిన పండుగ

ఈ పండుగలకు పెద్ద దెబ్బ మంచు వల్ల రాలేదు, టోక్యో నుంచి వచ్చింది. మెయిజీ ప్రభుత్వం 1872 చివర్లో ఒక ఉత్తర్వు వేసింది. పాత పంచాంగం రద్దు. మెయిజీ అయిదో ఏడు 12వ నెల 3వ తేదీని 1873 జనవరి 1గా లెక్కించాలి. జనానికి ఒక్క నెల గడువు కూడా ఇవ్వలేదు. పాశ్చాత్య దేశాలతో సమానంగా నిలబడాలన్నది పైకి కనిపించే కారణం. ఖజానా ఖాళీగా ఉండటం మరో కారణం. పాత లెక్కన 1873లో అధికమాసం ఉంది గనుక ఉద్యోగులకు 13 నెలల జీతమివ్వాలి. కొత్త లెక్కతో ఆ నెల జీతం మిగిలింది. నడుమ ఎగిరిపోయిన 12వ నెల జీతమూ మిగిలింది.

ఖజానాకు లాభించినది పల్లెకు చిక్కు తెచ్చింది. కొత్త కాలెండర్ 15వ తేదీన చంద్రుడు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పల్లెలు మూడు దారులు పట్టాయి. మత్సునొయామ వంటివి చంద్రుణ్ణి వదులుకుని జనవరి 15కు మారాయి. యొకొతే, రొకుగొ వంటివి రుతువు తప్పకూడదని ఒక నెల ఆలస్యంగా, ఫిబ్రవరి 15కు జరిగాయి. ఓగాలో నమహగే మెల్లగా డిసెంబర్ 31 రాత్రికి చేరాడు. అనాగరికమన్న పేరుతో అప్పట్లో కొన్ని ఆచారాలనే నిషేధించారు. అవొమొరిలోని హచినొహె పల్లెల ‘ఎంబురి’ నాట్ల నృత్యం అలా ఆగిపోయి, 1881లో ఒక దేవాలయ ఉత్సవంలో భాగంగా మళ్లీ తలెత్తింది.

1949 నుంచి జనవరి 15 యుక్తవయస్కుల దినంగా జాతీయ సెలవు కావడం వల్ల పల్లె పండుగలకు కొంత వెసులుబాటు దొరికింది. 2000 నుంచి ఆ సెలవును జనవరి రెండో సోమవారానికి మార్చారు. దాంతో 15వ తేదీ మామూలు పనిదినమైపోయింది. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు పండక్కి రావాలంటే ఇప్పుడు సెలవు పెట్టుకోవాలి.

ఇప్పుడేమవుతోంది?

1950లో తోకామాచి ప్రజలు మంచును శత్రువుగా చూడటం మాని స్నేహితుడిగా చేసుకుందామని మంచు బొమ్మల ఉత్సవం ప్రారంభించారు. ఓగాలో 1964 నుంచి ఫిబ్రవరిలో షిన్‌జాన్ ఆలయం దగ్గర యాత్రికుల కోసం ‘నమహగే సెదొ మత్సురి’ జరుగుతోంది. 2018లో జపాన్‌లోని ముసుగు దేవుళ్ల ఆచారాలు పదింటిని యునెస్కో తన జాబితాలో చేర్చింది. వాటిలో నమహగే ఒకటి.

గుర్తింపుకు కొదవ లేదు, మనుషులకే కొదవ. జపాన్ ప్రిఫెక్చర్లలో వృద్ధుల వాటా అన్నిటికన్నా ఎక్కువ అకితాలోనే. ఓగాలో కొన్ని పేటలు వేషం కట్టే కుర్రాళ్లు లేక నమహగేను ఆపేశాయి. కొన్ని బయటి విద్యార్థులను పిలిచి నడుపుకొస్తున్నాయి. భయపడటానికి పిల్లలు లేని ఇళ్లు కూడా పెరుగుతున్నాయి. మంచు తగ్గిన ఏడు యొకొతేకు కొండల నుంచి లారీల్లో మంచు తోలుతున్నారు. మంచునైతే లారీల్లో తేవచ్చు. కమకురాలో కూచుని ‘లోపలికి రండి’ అనే పిల్లలను తేలేం. తేదీ మారినా, పున్నమి తప్పినా తట్టుకున్న ఈ పండుగలకు అసలు పరీక్ష ఇదే.

చూడటానికి వెళ్లే పాఠకులకు ఒక మాట. డిసెంబర్ 31 రాత్రి ఓగాలో జరిగేది ఇంటివాళ్ల సొంత వేడుక, అక్కడ మనం పరాయివాళ్లం. మనలాంటి వాళ్లకోసమే ఫిబ్రవరి ఉత్సవం ఉంది. యొకొతేలో మాత్రం సంకోచం అక్కర్లేదు. పిల్లలు పిలిస్తే వంగి లోపలికి వెళ్లండి, ముందు నీటి దేవుడికి దండం పెట్టండి, తర్వాతే ఫోటోలు.

(వచ్చే భాగంలో: ఫిబ్రవరి ఎండలో మంచు మీద పరిచి తెల్లబరిచే ఎచిగొ నారబట్ట, దాన్ని నేసిన ఆడవాళ్ల కథ.)